కొండవీటి దర్శనము



గుంటూరునకు పశ్చిమమున కొండవీడు కలదు. యాత్రికుడు మొదట కొండ క్రిందనున్న కోట గ్రామమును, గోపీనాథస్వామి ఆలయమును దర్శించును. కొండ యెక్కినవాడు బురుజులకంటె ముందు చూడవలసినవి చెరువులు: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. గోడలెంత గట్టివైనను నీరు లేని కోట ముట్టడికి నిలువజాలదు. వాననీటిని కొండపై పట్టి నిలిపిన ఆ నేర్పే కొండవీటికి ప్రాణము.

అద్దంకినుండి రాజధానిని ఇచ్చటికి మార్చినవాడు అనవోతారెడ్డి. పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా నుండెను. కత్తి కావలి కాచినచోటనే కలమునకును గౌరవము లభించెను.

అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ కోటలు కొండవీటికి కంచెవలె నుండెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి వానిని ముందు గైకొని, పిమ్మట కొండవీటిని ముట్టడించి జయించెను. కంచె తెగిన చేను దక్కునా?

రెడ్లు, గజపతులు, రాయలు, గోలకొండ సుల్తానులు, ఆంగ్లేయులు అందఱును పోయిరి, గోడలు మిగిలినవి. నేడు కొండపైకి ఘాటురోడ్డు కలదు. పోవువారు పెరిగినకొలది శిథిలములకు ఆపదయు పెరుగును. ముట్టడులకు ఓర్చిన రాయి గడ్డపారకు ఓర్వదు. శాసనమున్న రాయి యొక్కటి పోయినచో, మఱియొక ప్రతి లేని గ్రంథము గ్రంథాలయమునుండి పోయినట్లే. కావున పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఆ గోడలను చూపి, వాని కథ చెప్పుడు. విన్న పిల్లలే రేపు వానికి కావలివారు.