పాతగోడ నీడలు

తెల్లని కాగితము మీద ఒక్క సిరాచుక్క పడితే చిన్నతనములో చీవాట్లు తిన్నవాళ్ళము మనము. అటువంటిది, కోరి కోరి మరకలు, గీతలు, పెచ్చులూడిన గోడల ఛాయలు కల్పించి దానిని అలంకారమనటము కొందరు శ్రోతలకు విడ్డూరముగా తోచవచ్చు. పుస్తకముల అట్టల మీద, సినిమా ప్రకటనల మీద ఈ తీరు విరివిగానే కనబడుతున్నది. దీనికి గ్రంజ్ అని పేరు. 1980 దశకము చివర అమెరికాలోని సియాటిల్ నగరములో బలపడిన ఒక సంగీత ధోరణి వల్ల ఈ మాట వ్యాపించినది. 1992లో ప్రారంభమైన రే గన్ అనే సంగీత పత్రికకు డేవిడ్ కార్సన్ కూర్చిన పుటలు ముద్రణలో ఈ పోకడకు పేరు తెచ్చినవి. ఒక సంభాషణ తనకు చప్పగా తోచినదని, దానిని అక్షరములకు బదులు బొమ్మగుర్తులుండే టైపులో అచ్చువేయించిన ఘనుడాయన! అంతదూరము పోవటము నాకు సమ్మతము కాదు. చదవటానికే గదా అక్షరము.

గత సంవత్సరము మా నాన్నగారి ఉత్తరములను చిన్న పుస్తకముగా కూర్చి బంధువులకు పంచదలచినాము. అట్ట పని నా వంతు వచ్చినది. మేనల్లుడి కంప్యూటరులో ఫొటోషాప్ ఉన్నది. ఎక్కడో దొరికిన పాతగోడ చిత్రమొకటి తెచ్చి, దానినే పక్కపక్కన అతికి అట్ట నింపినాను. అక్కయ్య కళ్ళజోడు సవరించుకొని చూసి, “ఏరా, ఈ మరక నాలుగుచోట్ల ఒక్కలాగే ఉన్నదేమి? మన పడమటింటి గోడ ఇట్లా ఉండేదా?” అన్నది. ఆ ఇల్లు మరి పది రోజులలో పడగొట్టబోతున్నారు. మర్నాడే ఊరికి బయలుదేరినాను.

గోడను ఫొటో తీయటానికి ఎదురుగా పడే వెలుగు పనికిరాదు. గుంటలు, మిట్టలు అందులో సమసిపోతవి. ఏటవాలు ఎండ గోడను ఒరుసుకొంటూ పోయే వేళ సున్నపు పొరలోని ప్రతి చీలికకు ఒక నీడ పుడుతుంది. సాయంత్రము తలుపు బార్లా తెరచి, కెమెరాను గోడకు సూటిగా నిలిపి, మేకు పీకిన రంధ్రము, క్యాలెండరు వేలాడిన చోట మిగిలిన తెల్లని చదరము, నాన్నగారు తల ఆనించి కూర్చునే చోట పడిన నూనెమరక, అన్నీ తీసినాను.

ఏ4 కాగితమంత అట్టకు అంగుళమునకు 300 చుక్కల చొప్పున అడ్డముగా 2480, నిలువుగా 3508 చుక్కలు కావలెను. చిన్న చిత్రమును సాగదీస్తే గరుకుదనము పోయి మసక మిగులుతుంది. గోడ చిత్రములోని రంగు తీసివేసి, లెవెల్స్ అనే సాధనముతో నలుపుతెలుపుల తేడా పెంచి, అట్టరంగు మీద ఒక పొరగా పరచినాను. ఫొటోషాప్ 1990లో వెలువడినా, ఈ పొరల సదుపాయము 1994లో 3వ కూర్పుతో గాని రాలేదు. పై పొరకు మల్టిప్లై అనే పద్ధతిని ఎన్నుకోవలెను. లోపల జరిగేది ఎక్కాల లెక్కే. ప్రతి చుక్క వెలుగుకు 0 నుంచి 255 వరకు ఒక అంకె ఉన్నది. పై అంకెతో కింది అంకెను హెచ్చించి 255 చేత భాగిస్తారు. కింద 200, పైన 128 ఉంటే వచ్చేది సుమారు 100. పైన 255, అనగా శుద్ధమైన తెలుపు ఉంటే కిందిరంగు చెక్కుచెదరదు. అందుచేత గోడ తెల్లదనము మాయమై, మరకలు, చీలికలు మాత్రము కాగితములోకి ఇంకినట్లు కనబడతవి.

ఇంకినవి, అతిగా ఇంకినవి! నాన్నగారి పేరును నూనెమరక మింగివేసినది. ఇక్కడ చాలామంది ఆ భాగమును చెరిపివేస్తారు. అట్లా చేయవద్దు. పొరకు మాస్క్ తగిలించి, నల్లని కుంచెతో రాసిన చోట మరక మరుగవుతుంది. తెల్లని కుంచెతో రాస్తే తిరిగి వస్తుంది. పేరు చుట్టూ మరుగుపరచి, మొత్తము పొర గాఢతను నూటికి 35 వంతులకు తగ్గించినాను. ఇంతకుమించి తగ్గిస్తే గోడే కనబడదు, పెంచితే పుస్తకము తడిసినదనుకుంటారు.

అచ్చయిన అట్టను అక్కయ్య చాలాసేపు చూసినది. రంధ్రము మీద వేలుంచి, “ఈ మేకు కొట్టినది నేనేరా” అన్నది. ఇల్లు ఇప్పుడు లేదు. ఏ మార్పూ చేయని అసలు ఫొటోలను మాత్రము రెండుచోట్ల దాచినాను.