కరణం పెట్టెలోంచి ఏజెంటు సంచిలోకి

(విదేశీ చదువుకు పోవాలనుకునే పిల్లలు, తల్లిదండ్రుల కోసం బాపట్ల దగ్గరి ఒక పల్లెలో జరిగిన మీటింగులో చేసిన ప్రసంగం)

 

ఇవాళ మీటింగు వీసా కాగితాల గురించి అనగానే ఒక తాత నవ్వాడు. "మనకి సెంటు చేను లేదు, అమెరికా కాగితాలు ఎందుకురా?" అన్నాడు. చేను లేదు కాబట్టే తాతా ఈ మీటింగు.

మన తాతల కాలంలో ఏ భూమి ఎవరిదో కరణం పెట్టెలో ఉండేది. మన అయ్యలు దున్నిన చేను అడంగల్లో ఇంకొకరి పేరున ఎక్కేది. 1984లో కరణాల, మునసబుల పదవులు రద్దయినాయి. పెట్టె పోయింది గానీ కాగితం మన చేతికి రాలేదు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు సాక్ష్యం చాలదని కొట్టేసింది. కళ్ళారా చూసిన మన మాట కాగితం మీద నిలవకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు మన పిల్లల కాగితాలు కొన్ని కాలేజీ బీరువాలో, కొన్ని ఏజెంటు సంచిలో ఉన్నాయి. ముందు అవి మన ఇంటికి రావాలి. మేం చెప్పొచ్చేది ఇదే.

మొదట పేరు సంగతి. ఒకటో తరగతిలో పంతులు ఏది రాస్తే అదే మన పేరయింది. చర్చిలో బాప్తిస్మం పేరు ఒకటి, బడిలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, సొంత పేరుకి ఒక గడి ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసా మీద ఉన్న పేరంతా ఇంటిపేరు కింద వేసి, సొంత పేరు చోట 'ఎఫ్.ఎన్.యు.' అని కొడతారు. పేరు తెలియదని దానర్థం. అమ్మ పెట్టిన పేరు ఉండగా మనం పేరు లేనోళ్ళం ఎందుకు కావాలి? టెన్త్ మెమోలో ఉన్న పేరు పట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం దానికి సరిపోయేట్టు దిద్దించుకోండి. ఆ తర్వాతే పాస్‌పోర్టుకి పెట్టండి. పిల్ల ఇంటర్ చదివేటప్పుడే మొదలుపెట్టాలి. సీటొచ్చాక పరిగెత్తితే అందదు.

రెండోది కుల ధ్రువపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్.సి. హోదాని హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి దాన్ని ఇచ్చారు. క్రైస్తవంలోకి పోయిన మనవాళ్ళని మన రాష్ట్రంలో బి.సి.-సి అంటారు. మతం మారితే అంటరానితనం పోయిందా అని మనం అడుగుతూనే ఉన్నాం. అడుగుదాం. కానీ ఆ చట్టం మారేదాకా బి.సి.-సి కాగితం ఉన్న పిల్లోడి చేత ఎస్.సి. స్కీముకి దరఖాస్తు పెట్టించొద్దు. రేపు నష్టపోయేది ఆ పిల్లోడే.

మూడోది సర్టిఫికెట్లు. సర్కారు ఫీజు డబ్బులు వెయ్యలేదని కొన్ని కాలేజీలు పిల్లల ఒరిజినల్స్ పట్టుకుంటున్నాయి. బాకీ సర్కారుది, శిక్ష మన పిల్లలకి. ఒరిజినల్స్ ఆపుకోకూడదని యు.జి.సి. 2018లోనే చెప్పింది. ఒక్కడే పోయి బతిమాలితే గుమస్తా కూడా తల ఎత్తడు. పదిమంది కలిసి పోండి, అర్జీ రాసివ్వండి, రశీదు తీసుకోండి.

నాలుగోది డబ్బు. అసలు గోడ ఇక్కడే ఉంది. అమెరికాకి ఐ-20 రావాలంటే మొదటి ఏడాది ఖర్చుకి ఆధారం చూపాలి. బ్రిటన్‌కయితే ఆ డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆసామి కొడుక్కి పొలం ఉంది, తాకట్టు పెడతాడు. మన అసైన్డ్ పట్టా చూసి ఏ బ్యాంకూ అంత అప్పు ఇవ్వదు. అప్పుడే ఏజెంటు వస్తాడు. "నెల రోజులు మీ ఖాతాలో డబ్బు చూపిస్తాం, వడ్డీ కట్టండి చాలు" అంటాడు. అబద్ధపు కాగితం బయటపడితే అమెరికా జీవితాంతం తలుపు మూసెయ్యొచ్చు, బ్రిటన్ పదేళ్ళు మూసెయ్యొచ్చు. ఫారం ఏజెంటు నింపినా సంతకం మన పిల్లదే, జవాబుదారీ ఆమెదే.

2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరు విన్నారు కదా. అమెరికా పోలీసులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది మన దేశంవాళ్ళే. వాళ్ళని చేర్పించిన దళారుల్లోనూ మన తెలుగోళ్ళు ఉన్నారు. మన భాష మాట్లాడినంత మాత్రాన ఏజెంటు మనవాడు కాడు.

మరి దారి లేదా? ఉంది. బాబాసాహెబ్ 1913లో కొలంబియాకి పోయింది ఆస్తి చూపించి కాదు, బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద. తిరిగొచ్చాక సంస్థానంలో పదేళ్ళు పనిచేస్తానని ఒప్పందం రాసిచ్చాడు. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరితే లండన్ చదువు మధ్యలో ఆపి వచ్చాడు, 1920లో మళ్ళీ పోయి పూర్తి చేశాడు.

ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. 2025-26 నిబంధనల ప్రకారం దేశం మొత్తానికి 125 సీట్లు, అందులో 115 ఎస్.సి.లకి. ఆడపిల్లలకి 30 శాతం. వయసు 35 లోపు, మార్కులు 60 శాతం, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. ప్రపంచంలో మొదటి 500 యూనివర్సిటీల్లో ఒకదాని నుంచి షరతుల్లేని ఆఫర్ లెటర్ తెచ్చుకోవాలి. స్కాలర్‌షిప్ లెటర్ చేతిలో ఉంటే వీసాకి అదే డబ్బు ఆధారం, ఏజెంటు వడ్డీతో పని లేదు. కానీ 2025లో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే లెటర్లు ఇచ్చారు. మిగతా వాళ్ళకి నిధులుంటే చూస్తామన్నారు. అంటే కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా పోరాటం తప్పదు. సీట్లు పెంచమని, నిధులు ఆపొద్దని అడగడం కూడా మన పనే.

కార్యకర్తలకి ఒక మాట. పల్లెకి ఇద్దరు చదువుకున్నవాళ్ళు కూర్చోండి. టెన్త్ దాటిన ప్రతి పిల్ల కాగితాలూ ఒకచోట పరిచి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిపోయినాయో లేదో చూడండి. తేడా ఉంటే పుస్తకంలో రాసి, దిద్దించేదాకా వెంటపడండి. పాస్‌పోర్టు మాత్రం ఏ ఏజెంటు దగ్గరా తాకట్టుగా ఉంచొద్దు. చట్టప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, వాడి సొత్తు కాదు.

తల్లులారా, ఇంట్లో ఉన్న ఇనప పెట్టెలో ఒక మూల ఖాళీ చెయ్యండి. పిల్ల కాగితాలు అందులో పెట్టి తాళం మీ కొంగున కట్టుకోండి. కరణం పెట్టె తాళం మన తాతలకి ఎన్నడూ దొరకలేదు. ఈ తాళం ఎవరికీ ఇవ్వకండి.

జై భీమ్!