పేరు పోయిన పాటలు
(సంఘపు ఉగాది సభలో చదివిన ప్రసంగము)



ఉగాదినాడు పంచాంగము వినవలసిన చెవులకు కంప్యూటరు గొడవ వినిపించుచున్నందుకు మన్నించవలెను. మేము రైల్వేలో గుమాస్తా ఉద్యోగమువారము. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. అయినను సంఘపు పాటల పెట్టె మా వద్ద ఉన్నది కనుక, దానికి వచ్చిన ఆపదను, అందులో మా తప్పును లెక్క అప్పజెప్పుట మా విధి.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలకు మనము వలస వచ్చినాము గాని, తెలుగు ఇక్కడ మనకంటె ముందే ఉన్నది. చింతామణి తాలూకా కైవారములో నారేయణ తాతయ్యగారు తెలుగులోను కన్నడములోను కీర్తనలు చెప్పినారు. ఆ కీర్తనలను, మన అవ్వల పెండ్లిపాటలను ఫోనులో పట్టి దాచవలెనని తీర్మానించుకొన్నాము. అందుకు కొన్నది రాస్ప్‌బెర్రీ పై, నాలుగవ నమూనా.

ఇది పేకముక్కంత బోర్డు. దీని మెదడు ఆర్మ్ జాతిది. ఆ జాతి 1985లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పుట్టినది. మొదటి రాస్ప్‌బెర్రీ పై 2012లోను, ఈ నాలుగవ నమూనా 2019లోను వచ్చినవి. దీనిని నడిపేది 1991లో మొదలైన లినక్సు. దాని లోపలి వ్రాత దాపరికము లేనిది. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. తనకు జరిగినదంతా దినచర్యవలె వ్రాసిపెట్టుకొనుట కూడ దాని అలవాటు.

పాట మొదట చిన్న మెమరీకార్డులోనికి వచ్చును. రాత్రి ఒక ప్రోగ్రాము దానిని పక్కనున్న హార్డుడిస్కుకు ఎక్కించి, కార్డులోని మూలమును తుడిచివేయును. చోటు మిగులునని మా తెలివి! అంటే ప్రతి పాటకు ఉన్న నకలు ఒక్కటే. ఇది మా మొదటి తప్పు.

ఒకనాడు క్రొత్త పాట పెట్టబోగా "చోటు లేదు" అన్నది. డిస్కు నిండినదనుకొన్నాము. డీఎఫ్ అను ఆజ్ఞ ఇచ్చి చూడగా నిండినది కార్డు. డిస్కు పేరే జాబితాలో లేదు. కరెంటు పోయి వచ్చినపుడు డిస్కు లేవలేదు. డిస్కు లేకున్నను యంత్రము ఆగకూడదని మేమే ముందు వ్రాసి ఉంటిమి. అందుచేత ప్రోగ్రాము డిస్కు ఉండవలసిన ఖాళీ ఫోల్డరులోనే, అనగా కార్డుమీదనే, నెలల తరబడి పాటలు దించినది. వ్యాగను రాకపోయినను సరుకును ప్లాటుఫారముమీద దించి, "ఎక్కించడమైనది" అని రిజిస్టరులో వ్రాసుకొన్నట్లయినది.

దినచర్య తిరగవేయగా వోల్టేజి తగ్గినదను మాట వరుసగా కనబడినది. ఈ బోర్డుకు 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల సరఫరా కావలెను. సుమారు 4.63 వోల్టులకు దిగినచో అది ఫిర్యాదు వ్రాయును. మేము పెట్టినది పాత ఫోను చార్జరు. పైగా దాని నాలుగు యూఎస్‌బీ రంధ్రములు కలిసి ఇవ్వగలిగినది 1.2 ఆంపియర్లే. తిరుగుటకు మొదలుపెట్టునపుడు డిస్కు ఎక్కువ అడుగును. డిస్కు చెడలేదు; దానికి అన్నము చాలలేదు.

అంతటితో ఆగినను బాగుండెడిది. తొందరపడి, నకలు తీయకుండ, ఆ డిస్కుమీదనే ఎఫ్ఎస్‌సీకే అను మరమ్మతు నడిపి, అడిగిన ప్రతి ప్రశ్నకు "అవును" అన్నాము. ఇది రెండవ తప్పు. నలభైమూడు పాటలు పేర్లు పోగొట్టుకొని, ఉత్త అంకెలతో "లాస్ట్ ప్లస్ ఫౌండ్" అను ఫోల్డరులో పడినవి. చీటీ ఊడిన పార్శిళ్లు!

కనుక ఇంట్లో పిల్లల ఫోటోలు ఇట్టి పెట్టెలో దాచుకొన్నవారికి మా మనవి. డిస్కు మొండికేసినచో ముందు వ్రాయుట ఆపండి. డీడీరెస్క్యూతో మొత్తము డిస్కుకు నకలు తీయండి. అది చెడ్డ చోట్లను దాటి మంచివి ముందు తెచ్చును. మరమ్మతు ఆ నకలుమీదనే, అదియు తగిలించకుండ ఉంచి, చేయండి. తరువాత చోటు, కరెంటు, తీగ, ఈ వరుసలో పరీక్షించండి. డిస్కును దాని యూయూఐడీ గుర్తుతో నమోదు చేయండి. అది నిజముగా తగిలియున్నదని తేలిన తరువాతనే ప్రోగ్రాము కదలవలెను.

ఇప్పుడు డిస్కుకు వేరే కరెంటు ఇచ్చినాము. నకళ్లు మూడు. ఒకటి చిక్కబళ్లాపురములో, ఒకటి 2013లో సన్నపట్టాలు పోయి పెద్దపట్టాలు వచ్చిన దారిలో రైలెక్కి చింతామణి చేరినది, మూడవది, రైలు లేదు కనుక, బస్సులో బాగేపల్లి పోయినది.

పేరు పోయిన పాటలను ఫోనులో వేసుకొని ఇల్లిల్లు తిరిగినాము. బాగేపల్లిలో ఒక సోదరి, పాట ఎత్తుకొనకముందే, సన్నని దగ్గు వినగానే "మాయమ్మ!" అన్నది. ఆ తల్లి పోయి ఏడాది. మేము తలవంచుకొని కూర్చున్నాము. యంత్రము పోగొట్టిన పేరును కూతురు చెవి తెచ్చి ఇచ్చినది.

ముప్పైయేడు గొంతులకు పేర్లు దొరికినవి. ఇంకను ఆరు ఉన్నవి. భోజనములైన తరువాత ఆ ఆరింటిని ఈ హాలులోనే వినిపింతుము. పెద్దలు, ముఖ్యముగా అవ్వలు, తొందరపడి బండ్లెక్కకుండ కూర్చొని వినవలెనని ప్రార్థన. మీలో ఎవరి అమ్మయో ఉండవచ్చును.

సెలవు.