వైద్యులు వృత్తి నేల వీడుచున్నారు?

కొండపల్లి బజారులో, రైలుస్టేషనుకు పోవు దారిలో, ఒక మేడ క్రింది గదికి మొన్నమొన్నటి దనుక ఒక యువవైద్యుని పేరుగల బోర్డు వ్రేలాడుచుండెడిది. పగలెల్ల విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో కొలువు, సాయంకాలము ఇక్కడ సొంత వైద్యము. ఇట్లు మూడేండ్లు గడచినవి. 2025 వేసవిలో ఆయన తానే నిచ్చెన వేసికొని ఆ బోర్డును దించివేసెను. ఊరిలో తలకొక మాట పుట్టినది. రాబడి చాలలేదని కొందరు, అమెరికా పోవుచున్నాడని కొందరు, మామగారు ఆసుపత్రి కట్టించి యిచ్చుచున్నారని మరికొందరు చెప్పుకొనిరి. ఇవి యేవియు నిజము కావు. ఆయన హైదరాబాదులో ఒక బీమా సంస్థలో చేరెను. రోగులు పంపుకొను బిల్లులు, పరీక్షల కాగితములు చూచి, ఇది చెల్లింపదగినది, ఇది కాదు అని గుర్తు పెట్టుట ఆయన పని.

అదే బజారులో ముప్పది యేండ్లుగా రోగులను చూచుచున్న మేము చనువుకొలది అడిగితిమి: "ఏమి నాయనా, ఇంత చదువు చదివి కాగితములు చూచు పనిలో చేరితివేమి?" ఆయన నవ్వి, "గురువుగారూ, అక్కడ కాగితములు చూడవలయునని తెలిసియే చేరితిని. ఇక్కడ మనుష్యులను చూచెదనని వచ్చి కాగితములు చూచుచుంటిని" అనెను.

వైద్యుడు వృత్తి మానుట మన కృష్ణాతీరమునకు క్రొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మద్రాసులో వైద్యము చదివి, 1906లో బందరులో ప్రాక్టీసు పెట్టి, పదియేండ్లకు, 1916లో దానిని విడిచిపెట్టిరి. పిమ్మట 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించుటయు, 1948లో కాంగ్రెసునకు అధ్యక్షులగుటయు శ్రోతలకు తెలిసినవే. మా కాలమున గుంటూరు వైద్యకళాశాలలో చదివిన జయప్రకాశ్ నారాయణగారు 1980లో ఐ.ఏ.ఎస్.లో చేరిరి, 1996లో దానినిగూడ విడిచి ప్రజోద్యమమునకు వచ్చిరి. వీరిని మరియొక పని పిలిచినది, పోయిరి. ఇప్పుడు బోర్డులు దించుచున్నవారి సంగతి వేరు. వారిని పిలిచిన పని యేదియు లేదు. చేతనున్న పనియే వారిని వెలుపలికి త్రోయుచున్నది.

2024లో ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపిన ప్రకారము దేశమున నమోదైన అల్లోపతి వైద్యులు 13 లక్షల 86 వేలకు పైబడియున్నారు. అయితే బోర్డు దించినంత మాత్రమున రిజిస్టరులో పేరు చెరగదు. లండనులో నున్నవాడును, బీమా కంపెనీలో నున్నవాడును, ఇంటిస్థలముల వ్యాపారము చేయువాడును ఆ లెక్కలోనివారే. ప్రభుత్వమువారికిని ఈ సంగతి తెలియును గనుకనే నూటికి ఎనుబదిమంది మాత్రమే అందుబాటులో నుందురని యెంచి, ఆయుర్వేదాది వైద్యులను గూడ కలిపి, వేయిమందికి ఒకడు అను కొలతకు తక్కువలేదని తేల్చిరి. తక్కిన ఇరువదిమంది యేమైరని అడిగినవారు అరుదు.

ఈ కథకు మొదలు ఆసుపత్రిలో లేదు, హాస్టలులో నున్నది. విజయవాడ చుట్టుప్రక్కల నిడమానూరు, ఈడుపుగల్లు వంటి యూళ్లలో పొలముల నడుమ లేచిన వసతి కళాశాలలను చూడనివారుండరు. ఆరవ తరగతి పిల్లవానిని అక్కడ దించి, "మావాడు డాక్టరు" అని తండ్రి ఆ దినముననే చెప్పుకొనును. మొన్న ఎంసెట్టు, 2017 నుండి నీట్. పేరు మారినదే కాని తెల్లవారకముందే లేపు గంట మారలేదు. ఆ యేడెనిమిదేండ్లలో పిల్లవాడు వేలకొలది ప్రశ్నలకు గుర్తులు పెట్టును. జ్వరముతో నున్న యొక ముసలమ్మ ప్రక్కన అరగంట కూర్చుండుట తనకిష్టమో కాదో తెలిసికొను సందర్భము ఒక్కటియు రాదు. సీటు ప్రభుత్వ కళాశాలలో వచ్చినచో మేలు. యాజమాన్యపు సీటైనచో డెల్టాలో ఎకరమో రెండెకరములో చేతులు మారును. అమ్మిన పొలము ఆ పిల్లవాని వీపుమీద కూర్చుండును. అటుపిమ్మట వాడు ఏ రోగిని చూచినను ఆ పొలము కూడ చూచుచుండును.

ఇట్లు అయిదున్నరయేండ్లు చదివి ఎం.బి.బి.యస్. పట్టముతో వచ్చినవానిని మన యూరు, "ఉత్త ఎం.బి.బి.యస్.యేనా?" అని అడుగును. ఇందులో ఒక చరిత్ర యున్నది. 1946లో భోర్ సంఘము నివేదిక వ్రాయునాటికి దేశమందలి సుమారు 47,500 మంది వైద్యులలో దాదాపు 30,000 మంది లైసెన్షియేట్లు, అనగా మన పెద్దలు ఎల్.ఎం.పి. డాక్టర్లని పిలిచినవారు. చిన్న యూళ్లలో పురుళ్లకు, జ్వరములకు, పాముకాట్లకు వారే దిక్కు. అరకొర చదువు వద్దు, దేశమంతటను ఒకే మట్టపు వైద్యుడుండవలయునని సంఘము తలచినది. ఆ మట్టమునకు నిలిచినదే ఎం.బి.బి.యస్. ఆనాడు ఎల్.ఎం.పి.ని సగము డాక్టరనిరి. ఈనాడు ఆయన స్థానమున వచ్చినవానిని సగము డాక్టరనుచున్నారు.

కొండపల్లినుండి బస్సెక్కినచో విజయవాడ ఎంతో దూరము లేదు. సూర్యారావుపేటలో దిగినచో అడుగడుగునకు ఆసుపత్రియే. కడుపునొప్పికి, మోకాలినొప్పికి నేరుగా అక్కడికే పోవుదురు. ఊరిలో మిగిలిన చిన్నచిన్న జబ్బులకు ఆర్.ఎం.పి. యున్నాడు. ఆయనను నిందించుట మా యుద్దేశము కాదు. అర్ధరాత్రి తలుపు తట్టిన వచ్చువాడు ఆయనయే. కాని నగరమునకు రోగిని పంపినందులకు ఆయనకు భాగము ముట్టునను సంగతి బహిరంగ రహస్యము. అట్టి భాగము ఈయనొల్లని యువవైద్యుని గదికి రోగి యెట్లు వచ్చును? వచ్చినవాడును, "నీరసముగా నున్నది, ఒక సెలైను ఎక్కించుడు" అని అడుగును. అక్కరలేదు, అన్నము తిని విశ్రమించుమని చెప్పిన వైద్యునికి ఫీజు ఈయ మనసొప్పదు; మరునాడు వేరొక గదిలో సీసా ఎక్కించుకొని, "ఈయనకు వైద్యము తెలియదు" అనిపోవును. మేమును మొదటి రెండేండ్లు ఎక్కించితిమి. చెప్పుటకు సిగ్గుగానే యున్నది. ఇంటి అద్దె కట్టవలయును గదా!

ఊరిలో నిలువలేనివాడు నగరములో కొలువు చేరును. మా మిత్రుడు పనిచేసిన చోటు పేరు అక్కరలేదు. ఆయన చెప్పినదొక్కటే చెప్పెదము. నెల చివర ఒక పట్టిక వచ్చును. ఎందరిని చేర్చితివి, ఎన్ని స్కానులు వ్రాసితివి, రక్తపరీక్షలెన్ని అని. ఇరువదిమందిని చూచి పందొమ్మిదిమందికి ధైర్యము చెప్పి యింటికి పంపిన వైద్యుడు ఆ పట్టికలో సోమరి. ఆయనకు జీతము తగ్గింపలేదు, కసురుకొనలేదు. పట్టికలో ఆయన పేరు ఎఱ్ఱసిరాతో వచ్చినది, అంతే. మూడవ నెలనుండి తన చేయి తనకు తెలియకుండనే స్కాను కాగితముమీదికి పోవుచుండెనని ఆయన మాతో ననెను. జీతము కోసినను ఆయన ఇంత కలతపడియుండడు.

ప్రభుత్వ పథకములవలన మేలు జరుగలేదని చెప్పువాడు కృతఘ్నుడు. 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ మొదలైనది; నేడు మన రాష్ట్రమున ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేరుతో నడచుచున్నది. గుండె ఆపరేషనుకు పుస్తెలు తాకట్టుపెట్టిన యిండ్లు మేమెరుగుదుము. ఆ పథకమువలన ఎందరి పుస్తెలో నిలిచినవి. కాని ప్రతి జబ్బునకు ఒక ఖరీదు, ప్రతి ఆపరేషనుకు ముందుగా ఒక అనుమతి. రోగి మంచముమీద, అనుమతి కంప్యూటరులో, నడుమ వైద్యుడు. సొమ్ము సకాలమున రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు 2025 అక్టోబరులో సేవలనే నిలిపివేసినవి. ఆ దినములలో రోగికి కనబడినవాడు ఖజానా అధికారి కాడు; ఎదుట నున్న డాక్టరు. తిట్లు ఆయనకే.

సరిగా ఆ రోజులలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులును విధులు మాని విజయవాడలో ధర్నా చేసిరి. సర్వీసులో నున్నవారికి పై చదువులో సీట్ల వాటా వారి ముఖ్యమైన కోరిక. పై చదువు కొరకు ఇంత పట్టుదల ఎందుకో, "ఉత్త ఎం.బి.బి.యస్.యేనా?" యని అడిగిన మనకు తెలియవలసినదే. మైదానమున 30,000 మందికొక కేంద్రమని కట్టడి. అక్కడి వైద్యుడు రోగిని చూచునది కొంతసేపు, చూచినట్లు ఫోనులో ఎక్కించునది కొంతసేపు. మా జిల్లాలోనే ఏ. కొండూరు మండలపు తండాలలో ఏండ్ల తరబడి మూత్రపిండముల వ్యాధి జనమును పీడించుచున్నది. అక్కడి వైద్యుడు రోగిని గుర్తింపగలడు, డయాలిసిస్‌నకు పంపగలడు. ఆ యింటి కుండలోనికి మంచినీరు తేలేడు. చేయగలిగినది కొంచెము, చూడవలసినది కొండంత. అట్టిచోట మనసు విరుగుట బలహీనత యనుకొనరాదు.

ఇక భయము. వైద్యసేవ వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నిర్లక్ష్యమునకు నష్టపరిహారము న్యాయమే, మేము కాదనము. అయితే ఆనాటినుండి వైద్యుడు రోగి కొరకు వ్రాయు పరీక్ష ఏదో, రేపు కోర్టులో చూపుటకు వ్రాయు పరీక్ష ఏదో తనకే తెలియకుండ పోయినది. ఒకమారు తలనొప్పితో వచ్చిన బడిపిల్లకు కళ్లజోడు చాలునని మాకు తెలిసియు స్కానుకు పంపితిమి. ఆ తండ్రి బొమ్మలు చెక్కువాడు. స్కానుకు ఆయన వ్యయపరచినది ఆ వారపు కూలి. స్కానులో నేమియు లేదు. "ఏమీ లేదన్నారు, మీ దయ" అని నమస్కరించి వెళ్లెను. ఆ నమస్కారము నేటికిని మమ్ము బాధించుచున్నది.

దెబ్బల సంగతియు చెప్పవలయును. వైద్యులమీద దౌర్జన్యము చేసినవారికి మూడేండ్ల దాక జైలు విధించు చట్టమును మన రాష్ట్రము 2008లోనే చేసినది. 2024 ఆగస్టులో కలకత్తాలో ఒక యువవైద్యురాలు తాను పనిచేయు ఆసుపత్రిలోనే హత్యకు గురియైన పిమ్మట దేశమంతట వైద్యులు వీధికెక్కిరి. చట్టమున్నది, భయము పోలేదు. చేయిచేసికొనుటను మేము సమర్థింపము. కాని లక్షలు అప్పుచేసి తెచ్చిన తండ్రికి, ఆయన కుమారుని స్థితి యేమో మూడు దినములైనను కూర్చుండబెట్టి చెప్పినవాడు లేడనుకొనుడు. నాలుగవ దినమున శవమును చూపినచో ఆ దుఃఖము ఎటు పోవును? మాటలాడు తీరిక వైద్యునికి లేకుండ చేసినవాడు ఆ సమయమున అక్కడ ఉండడు.

ఇది మనకొక్కరికే కలిగిన కష్టము కాదు. దక్షిణకొరియాలో 2024 ఫిబ్రవరిలో శిక్షణలో నున్న వైద్యులు వేలసంఖ్యలో రాజీనామా లిచ్చిరి. అలసి సొలసి మనసు ఎండిపోవుటను పాశ్చాత్యులు బర్న్‌అవుట్ అనిరి. 2018లో అమెరికాలో సైమన్ టాల్బట్, వెండీ డీన్ అను ఇద్దరు వైద్యులు ఆ పేరు చాలదనిరి. రోగికి ఏది మేలో తెలిసియు దానిని చేయనీయని యేర్పాటులో పనిచేయువానికి కలుగునది అలసట కాదు, అంతస్సాక్షికి తగిలిన గాయము అని వారి వాదము. అలసటకు సెలవు మందు. గాయమునకు సెలవు పనిచేయదు.

మా బొమ్మలవారిని చూచియే మేము దీనిని అర్థము చేసికొంటిమి. తెల్లపొణికి కఱ్ఱను కాచి, ఏనుగు తొండము వేరుగ, కాళ్లు వేరుగ చెక్కి, చింతగింజల మక్కుతో అతికి, రంగు వేసి, అంబారీ నెక్కించి, చేతిలో పట్టుకొని ఒకమారు త్రిప్పి చూచుకొనును. ఆ త్రిప్పి చూచుకొనుటలోనే వాని తృప్తి యున్నది. కూలి తక్కువైనను తాతతండ్రులు ఆ పీటమీద కూర్చుండిరి. పెద్ద ఆసుపత్రిలో వైద్యునికి తొండ మొక్కటే యిత్తురు. ఏనుగు ఎటు పోయెనో, నడచెనో పడెనో, వానికి తెలియదు.

2024 సెప్టెంబరు 1న మా కొండల ప్రక్కనుండి పారు బుడమేరు పొంగి సింగ్‌నగర్, వాంబే కాలనీ మునిగినవి గదా! మా మిత్రుడు సెలవు పెట్టి, మందుల సంచితో ట్రాక్టరెక్కి పది దినములు అక్కడ తిరిగెను. నీటిలో నాని పుండ్లుపడిన పాదములు, విరేచనములు, మాత్రలు కొట్టుకొనిపోయిన బీపీ రోగులు, ఫ్రిజ్ లేక ఇన్సులిన్ పాడైన మధుమేహులు. స్కాను లేదు, పట్టిక లేదు, అనుమతి లేదు. తలుపుచెక్కను బల్లగా వేసికొని దినమునకు రెండువందలమందిని చూచెను. రాత్రి మా యింటికి వచ్చి, మోకాళ్ల దాక బురదతో అరుగుమీద కూర్చుండి, ఒక ముసలాయన తన చేయి విడువక పెండ్లినాటి కథ చెప్పెనని గంటసేపు మాకు చెప్పెను. ఆయన ముఖమున అంతటి వెలుగు మేమెన్నడు చూచియుండలేదు. బోర్డు దించిన దినమున ఆయన అన్న రెండవ మాట అదే: "నేను డాక్టరుగా నున్నది ఆ పది దినములే, గురువుగారూ."

ఆ గదిని ఇప్పుడు సెల్‌ఫోనులు బాగుచేయు కుఱ్ఱవాడు అద్దెకు తీసికొనెను. ఇంకను అప్పుడప్పుడు చంకలో బిడ్డతో ఎవరో వచ్చి డాక్టరుగారేరని అడుగుదురు. ఆ కుఱ్ఱవాడు పని ఆపి, వెలుపలికి వచ్చి, విజయవాడ బస్సు ఎచట నిలుచునో చూపుచున్నాడు.