కాలు ఎవరిది? సంతకం ఎవరిది?

(స్త్రీల ఆరోగ్య హక్కుల మీద జరిగిన సదస్సులో ఒక రిటైర్డ్ స్టాఫ్‌నర్సు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు ముందు కొంచెం జంకాను. నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో, ఎక్కువకాలం సర్జికల్ వార్డులో, స్టాఫ్‌నర్సుగా పనిచేశాను. సెలైన్లు ఎక్కించాను, కట్లు కట్టాను, ఆపరేషన్ కాగితాల మీద సంతకాలు పెట్టించాను. ఆ సంతకాల గురించే చెబుదామని వచ్చాను. స్త్రీల ఆరోగ్యం అనగానే మనకి కాన్పులు, గర్భసంచి, కుటుంబ నియంత్రణ ఇవే గుర్తొస్తాయి. మనకీ కాళ్లున్నాయని, ఆ కాళ్లలో పారే రక్తం ఆగిపోతే కాలే పోతుందని మనమే మర్చిపోతాం.

ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో జరిగింది చెబుతాను. యాభై ఏళ్ల మనిషి, కూలిపని చేసుకునే ఆమె. షుగరు. కుడికాలి బొటనవేలికి చిన్న పుండు లేచి, రెండు నెలల్లో పాదం సగం నల్లబడింది. పొద్దున రౌండ్సులో డాక్టర్లు చూసి, రేపు కాలు తియ్యాలన్నారు. ఆ మాట ఆమెతో అనలేదు, ఆమె కొడుకుతో అన్నారు. సాయంత్రం నేను కాగితం పట్టుకుని వెళ్లాను. ఎవరి దగ్గరకి? వరండాలో నిలబడ్డ కొడుకు దగ్గరకి. అతను సంతకం పెట్టాడు. రాత్రి మందులివ్వడానికి వెళ్తే ఆమె నా చెయ్యి పట్టుకుని, “సిస్టరమ్మా, ఎంతవరకూ తీస్తారు?” అనడిగింది. మోకాలి పైదాకా అని నాకు తెలుసు. ఆమెకి తెలీదు. ఆ కాలు ఆమెది. సంతకం ఆమెది కాదు. ఆ కాగితం మంచం దాటించి వరండాకి మోసుకెళ్లింది నేనే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కేస్‌షీటులో షుగరు ఎంతుందో ఉంది, చీము పరీక్ష ఉంది. కాలికి రక్తం ఎంతమేరకు వస్తోందో చూసినట్టు ఒక్క ముక్క లేదు. అప్పట్లో నాకూ అది లోపమని తోచలేదు.

కాలికి రక్తం ఎలా తగ్గుతుందో చూద్దాం. గుండె నుంచి కాళ్లకి రక్తం తెచ్చే నాళాలని ధమనులంటారు. పొగాకు, షుగరు, బీపీ, కొవ్వు, వయసు, వీటివల్ల ధమనుల లోపలి గోడకి గార కట్టినట్టు కట్టి దారి ఇరుకవుతుంది. మొదట్లో ఏమీ తెలీదు. తర్వాత కొంతదూరం నడిస్తే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. ఇంకా ఇరుకైతే రాత్రిళ్లు పడుకున్నా పాదం మంట, మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తేగానీ నిద్రపట్టదు. ఆఖరికి మానని పుండు, నల్లబడ్డ వేళ్లు. పొగాకంటే మగవాళ్ల సంగతే అనుకోకండి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లని నేను చూశాను.

ఇక్కడే ఆడవాళ్లకి అన్యాయం మొదలవుతుంది. నడిస్తే పిక్క పట్టేస్తోందని చెప్పాలంటే ముందు అంతదూరం ఆపకుండా నడవాలి. ఇంటిపనిలో రోజంతా నిలబడతాం, వంగుతాం, లేస్తాం, మధ్యమధ్య ఆగుతాం. అందుకని రోగం చెప్పాల్సిన తీరులో చెప్పదు. చెప్పినా, “మోకాళ్లరిగాయి”, “కీళ్లవాతం”, “ఈ వయసులో మామూలే” అంటారు. ఒక నొప్పిమాత్ర ఇస్తారు. షుగరున్నవాళ్లకైతే నరాల స్పర్శ తగ్గి నొప్పే తెలీదు. ఇంట్లో అందరి పుండ్లకీ కట్టు కట్టే మనిషి తన పుండుకి పసుపు అద్ది పనిలో పడుతుంది. ఆడవాళ్లు ఈ జబ్బుతో ఆసుపత్రికి చేరేసరికి మగవాళ్లకంటే వయసు మీరి, జబ్బు ముదిరి ఉంటారని ఎన్నో దేశాల పరిశీలనల్లో తేలింది. పైగా మన నాళాలు సహజంగా సన్నం. చికిత్స కష్టం కావడానికి అదొక కారణం, కానీ ఆలస్యం అంతకంటే పెద్ద కారణమని నా అనుభవం.

దీన్ని కనిపెట్టే పరీక్ష పెద్ద ఖర్చుది కాదు. చేతికి బీపీ చూసినట్టే చీలమండ దగ్గర కూడా పట్టీ చుట్టి, చిన్న డాప్లర్ యంత్రం పెట్టి చూస్తారు. చీలమండ అంకెని చేతి అంకెతో భాగిస్తారు. చేతికి 140, చీలమండకి 70 ఉంటే సగం, అంటే 0.5. ఒకటికి అటూ ఇటూ ఉంటే మంచిది. 0.9గానీ అంతకంటే తక్కువగానీ ఉంటే ధమనుల్లో జబ్బున్నట్టే. ఒక హెచ్చరిక: షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి నాళాలు సున్నం పట్టి గట్టిపడితే ఈ అంకె దొంగలెక్క చూపిస్తుంది, 1.4 దాటొచ్చు. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి చూడాలి, స్కానింగు చెయ్యాలి.

ఇక చికిత్సలు. మొదటి దశలో పొగాకు మానడం, షుగరు, బీపీ అదుపు, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లాంటి మాత్ర, కొవ్వు తగ్గించే మాత్ర, రోజూ పద్ధతిగా నడక. వీటితోనే చాలామంది కాళ్లు నిలబడతాయి. జబ్బు ముదిరితే దారులు రెండు. ఒకటి, గజ్జలో సూదిరంధ్రం గుండా సన్నటి గొట్టం పంపి ఇరుకైన చోట బెలూన్ ఉబ్బించడం, అవసరమైతే స్టెంటు పెట్టడం. రెండోది బైపాస్: మూసుకుపోయిన చోటు దాటించి, మన కాలి సిరనే ధమనికి కిందా పైనా అతికి రక్తానికి కొత్తదారి వెయ్యడం. కాలి సిరతో పొడవాటి బైపాస్ వేసే పద్ధతి 1948లో ప్యారిస్‌లో జాన్ కున్లిన్ అనే సర్జన్‌తో మొదలైంది.

బెలూన్ దారి ఎలా మొదలైందో మీకు తప్పకుండా చెప్పాలి. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ నగరం. 1964 జనవరి 16. ఎనభై రెండేళ్ల ముసలమ్మ. ఎడమపాదం కుళ్లుతోంది, వేళ్లు నల్లబడ్డాయి. కాలు తీసెయ్యాలని డాక్టర్లు చెప్పారు. ఆవిడ వద్దంది. ఎన్నిసార్లు చెప్పినా వద్దే అంది. అప్పుడు ఆవిణ్ణి చార్లెస్ డాటర్ అనే ఎక్స్‌రే డాక్టరు దగ్గరకి పంపారు. ఆయన తొడలోని ధమనిలో ఇరుకైన చోటు గుండా ఒకదాని తర్వాత ఒకటి లావు పెరిగే గొట్టాలు దూర్చి దారి వెడల్పు చేశాడు. నిమిషాల్లో పాదం వెచ్చబడింది. వారంలో నొప్పి పోయింది, తర్వాత పుండు మానింది. రెండున్నరేళ్ల తర్వాత న్యుమోనియాతో చనిపోయేదాకా ఆవిడ తన రెండు కాళ్ల మీదే నడిచింది. ఇవాళ ప్రపంచమంతా గుండెకీ కాళ్లకీ చేస్తున్న బెలూన్ చికిత్సకి మూలం ఇదే. పుస్తకాల్లో డాటర్ పేరుంటుంది, ఉండాల్సిందే. కానీ ఆ ముసలమ్మ “వద్దు” అనకపోతే ఆ రోజు ఆయన చేతికి ఆ కాలు వచ్చేదే కాదు. ఆవిడ బదులు కొడుకు సంతకం పెట్టి ఉంటే?

అయితే కాలు తియ్యడం ఎప్పుడూ తప్పే అని నేననను. చీము ఒళ్లంతా పాకి ప్రాణం మీదికొచ్చినప్పుడు కాలు తీసే మనిషిని బతికించాలి. అలాంటప్పుడు ఆలస్యం చేసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లనీ చూశాను. నేను అడిగేదల్లా ఒకటే. తీసేముందు రక్తప్రసారం చూశారా? దారి తెరిచే వీలుందా లేదా అని ఎవరైనా ఆలోచించారా? దారి తెరిస్తే ఒక వేలితోనో సగం పాదంతోనో పోయేది మోకాలి పైదాకా వెళ్లకుండా ఆగొచ్చు. మోకాలు మిగిలిందంటే కృత్రిమ కాలితో నడవడం ఎంతో తేలిక. నేలమీద కూర్చుని వండుకునే మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

బెలూన్ మంచిదా బైపాస్ మంచిదా అని అందరూ అడుగుతారు. ఈమధ్య రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. 2022లో వచ్చిన బెస్ట్ సీఎల్ఐలో, వాడుకోదగ్గ మంచి సిర ఉన్న 1434 మందిని చూస్తే, కాలు పోవడం, మళ్లీ పెద్ద చికిత్స అవసరం కావడం, మరణం, వీటిలో ఏదో ఒకటి జరిగినవాళ్లు బైపాస్ వర్గంలో నూటికి 42.6, బెలూన్ వర్గంలో 57.4. 2023లో బ్రిటన్, స్వీడన్, డెన్మార్క్‌లలో చేసిన బాసిల్-2 ఫలితాలు దీనికి ఎదురుగా వచ్చాయి. అందులో మోకాలి కింది నాళాలకి చికిత్స కావల్సినవాళ్లు 345 మంది. కాలు పోవడమో మరణమో జరిగినవాళ్లు సిరతో బైపాస్ వర్గంలో నూటికి 63, బెలూన్ వర్గంలో 53. అంటే అందరికీ ఒకే మందు లేదు. సిర ఎలా ఉంది, మూసుకున్నది ఎక్కడ, మనిషి ఆపరేషన్ తట్టుకుంటుందా, ఇవి చూసి తేల్చుకోవాలి.

కానీ ఈ లెక్కల్లో మన వాటా ఎంత? బాసిల్-2లో 345 మందికి ఆడవాళ్లు 65 మంది. బెస్ట్ సీఎల్ఐలోనూ మూడోవంతు లేరు. ఎక్కువగా మగవాళ్ల కాళ్ల మీద తేలిన లెక్కలతో మన కాళ్లకి వైద్యం జరుగుతోంది. అధ్యయనాల్లో ఆడవాళ్లని తగినంతమందిని చేర్చుకోమని అడగడం కూడా హక్కుల పోరాటమే.

ఇంకొక్క సంగతి, ఇది పడుచు ఆడవాళ్లది. చిన్నప్పటి కీళ్లజ్వరంతో గుండె కవాటం ఇరుకైన జబ్బు మగవాళ్లలోకంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఆ గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కొట్టుకొచ్చి కాలి ధమనిలో అడ్డం పడొచ్చు. కాలు ఉన్నట్టుండి విపరీతంగా నొప్పిపెడుతుంది, పాలిపోతుంది, చల్లబడుతుంది, తిమ్మిరెక్కి కదలదు. అప్పుడు చేతిలో ఉన్నది సుమారు ఆరు గంటలు. అమెరికాలో టామస్ ఫోగర్టీ కనిపెట్టిన బెలూన్ గొట్టంతో ఆ గడ్డని లాగెయ్యడం 1960ల నుంచీ జరుగుతోంది. దాంతో పూర్తిగా బాగుపడ్డ కాళ్లు ఎన్నో. కానీ మన కోడలు పిల్ల “మామయ్య పొలం నుంచి రావాలి, ఆయన్నడగాలి” అని కూర్చుంటే ఆరు గంటలు వాకిట్లోనే అయిపోతాయి. గోరువెచ్చటి కాపడం పెట్టి తెల్లారేదాకా ఆగిన కాళ్లని నేను చూశాను.

ఇప్పుడు చట్టం సంగతి. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పు చెప్పింది. ఆమె మత్తులో ఉండగా తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. అది చెల్లదని కోర్టు చెప్పింది. ప్రాణం కాపాడటానికి తప్పనిసరైతే తప్ప, తెలివిలో ఉండి నిర్ణయం చేసుకోగల పెద్దమనిషి శరీరం మీద ఒప్పుకోలు ఆ మనిషిదే. తల్లిది కాదు, మొగుడిది కాదు, కొడుకుది కాదు. ఏ చికిత్స చేస్తారు, ఎందుకు, వేరే మార్గాలేమున్నాయి, ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పాకే ఆ ఒప్పుకోలు ఒప్పుకోలు. చదువు రాకపోతే వేలిముద్ర వేసినా అది ఆమె వేలిముద్రే కావాలి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం కేస్‌షీటు కాగితాలు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. వేరే డాక్టరు సలహా కావాలంటే ఆ కాగితాలే ఆధారం.

డాక్టర్లందరూ దుర్మార్గులని నా ఉద్దేశం కాదు. వార్డు నిండా రోగులు, నేల మీద రోగులు, ఒక్క సర్జన్. రక్తనాళాల సర్జన్లు పెద్ద ఊళ్లు దాటి లేరు. హైదరాబాదులో నిమ్స్‌లో ప్రత్యేక విభాగమే ఉంది, కానీ మారుమూల పల్లె నుంచి అక్కడిదాకా ఎవరు పంపాలి, ఎవరు తోడు వెళ్లాలి? ఆడమనిషికి తోడు వెళ్లేవాళ్లే దొరకరు. అందుకే మన సంఘం చెయ్యగల పనులున్నాయి. ప్రతి మండలంలో షుగరు క్లినిక్కు ఉన్నచోట చీలమండ పరీక్ష పెట్టమని అడగాలి. ఏ చికిత్స ప్రభుత్వ పథకంలోకి వస్తుందో ఆసుపత్రి కౌంటరులో ముందే కనుక్కునే మనిషి ఒకరు ఉండాలి. కాలు తియ్యాలని చెప్పిన ఆడమనిషి పక్కన నిలబడి నాలుగు ప్రశ్నలు అడిగే మనిషి ఒకరు ఉండాలి: రక్తప్రసారం ఎంతుంది? దారి తెరవొచ్చా? తియ్యక తప్పకపోతే ఎంతవరకు? ఈ మాటలు ఆమెకి చెప్పారా?

ఆ మొదటి మనిషి సంగతి చెప్పి ముగిస్తాను. ఏడాది తర్వాత చంకకర్రలతో ఓపీకి వచ్చింది. నేను ఎదురెళ్లి, ఆ రోజు మీకు చెప్పాల్సింది చెప్పలేదమ్మా అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. “నన్నడిగుంటే నేనూ ఒప్పుకునేదాన్నేమో తల్లీ. అడగలేదు గదా” అంది. ఆ తర్వాత నా ఉద్యోగమంతా ఏ ఆడమనిషి కాగితమూ వరండాకి పట్టుకెళ్లలేదు. మంచం దగ్గరే కూర్చుని చదివి వినిపించాను. దానికి పది నిమిషాలు పట్టేది.

ఇవాళ ఇంటికెళ్లాక మీ అమ్మ పాదాలు, అత్తగారి పాదాలు, మీ సొంత పాదాలు ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. ఒకటి చల్లగా ఉందా, వేళ్ల సందుల్లో మానని పుండుందా, నడిస్తే పిక్క పట్టేస్తోందా. ఉంటే రేపే వెళ్లండి. ఎవరి అనుమతి కోసమూ ఆగకండి.