చిట్టా నుంచి ఆవర్జాకు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



75 వసంతాలు పూర్తి చేసుకొన్న ఈ విద్యాలయం గురించి, దీనిని నిలిపిన మహనీయుల గురించి పెద్దలు ఇదివరకే విపులంగా ముచ్చటించారు. నాకు కేటాయించిన కొద్ది సమయాన్ని మన పూర్వ విద్యార్థుల సంఘం వారు కోరిన ఒక విషయానికి వినియోగిస్తాను. పెట్టుబడి సంస్థల్లో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు మన చదువును, మన పనిని, మన ప్రస్థానాన్ని ఎలా చెప్పుకోవాలి అన్నది ఆ విషయం. పాఠాలు చెప్పుకొనే పంతులమ్మకు పెట్టుబడి సంస్థలతో ఏమి పని అని మీరు అనుకోవచ్చు. బయోడేటా చూపించి సలహా అడిగే పూర్వ విద్యార్థులు ప్రతి ఏడూ మా గదికి వస్తూనే ఉంటారు. వారితో కూర్చుని విన్నదీ, గమనించిందీ మీ ముందుంచడమే నా ఉద్దేశం.

మన బెంగుళూరు ఒకప్పుడు మిల్లులకు, ప్రభుత్వరంగ కర్మాగారాలకు పేరుపొందిన నగరం. తర్వాత సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఈ శతాబ్దంలో ప్రపంచ ప్రసిద్ధి గల పెట్టుబడి సంస్థలు కూడా వచ్చాయి. గోల్డ్‌మన్ శాక్స్ 2004లో ఇక్కడ కార్యాలయం తెరిచింది. జె.పి. మోర్గన్, మోర్గన్ స్టాన్లీ వంటి సంస్థలు కూడా ఇక్కడ పనిచేస్తున్నాయి. కొత్త కంపెనీలకు మూలధనం సమకూర్చే సంస్థలు మరికొన్ని ఉన్నాయి. కంపెనీల లెక్కలు చదవడం, నష్టభయాన్ని అంచనా కట్టడం, కొనుగోలు అమ్మకాలను సరిచూడడం వంటి పనులకు ఇవి యువతీయువకులను తీసుకొంటాయి. ఈ కొలువులు మన పిల్లలకు అందనివి కావు. అయితే ఇంటర్వ్యూ గదిలో మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న వద్దనే మనవారు తడబడుతున్నారు. ఆ ప్రశ్న అతి సులభమైనది: “మీ గురించి చెప్పండి.”

ఈ ప్రశ్నకు మనవారు సాధారణంగా బయోడేటాను మొదటి నుంచి చివరి వరకు అప్పజెబుతారు. ఫలానా ఏట ఎస్.ఎస్.ఎల్.సి., ఫలానా ఏట పి.యు.సి., ఆ తర్వాత బి.కాం., ఆపైన ఉద్యోగం. ఇదంతా ఎదుటివారి బల్లపై కాగితంలో ఉన్నదే కదా! మన పెద్దలు అంగళ్ళలో రెండు పుస్తకాలు వ్రాసేవారు. జరిగినది జరిగినట్లు ఏ రోజుకా రోజు వ్రాసేది చిట్టా. ఆ పద్దులన్నింటినీ పేరు పేరు వరుసన చేర్చి, చివరకు నిల్వ తేల్చేది ఆవర్జా. బయోడేటా చిట్టా వంటిది. ఇంటర్వ్యూలో వారు అడిగేది ఆవర్జా. ఇన్నేళ్ళ చదువు, శ్రమ కలిసి మీ వద్ద ఏమి నిల్వ ఉంది, అది ఎలా చేరింది అన్నదే వారికి కావలసిన సంగతి.

పెట్టుబడి సంస్థల వారు దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకు ఇస్తారు? వారి వృత్తే అటువంటిది కనుక. ఒక ఉదాహరణ మన ఊరిలోనే ఉంది. 1981లో ఏడుగురు ఇంజినీర్లు పదివేల రూపాయల మూలధనంతో పుణేలో ప్రారంభించిన ఇన్ఫోసిస్ 1983లో బెంగుళూరుకు వచ్చింది. 1993లో తొలిసారిగా తన వాటాలను ప్రజలకు అమ్మజూపింది. ఒక్కొక్క వాటా ధర 95 రూపాయలు. నేడు వింతగా తోచవచ్చు కాని, ఆనాడు ప్రజలు ఆ వాటాలను పూర్తిగా కొనలేదు. మోర్గన్ స్టాన్లీ సంస్థ 13 శాతం వాటా తీసుకోవడంతో ఆ ఇష్యూ గట్టెక్కింది. ఒకే పత్రాన్ని చదివి కొందరు వెనుదిరిగారు, కొందరు ముందుకు వచ్చారు. ఈ కంపెనీ ఎక్కడ మొదలైంది, ఎందుకు దారి మార్చుకొంది, ఎలా ఎదిగింది, ఇక ముందు ఏమి చేయగలదు అని పరిశీలించి, సాక్ష్యం సరిచూసి, డబ్బు పెట్టాలో వద్దో నిర్ణయించడమే పెట్టుబడిదారుని నిత్యకృత్యం. మిమ్మల్ని కూడా ఆయన అదే చూపుతో చూస్తారు. కనుక మీ కథలో కూడా ఆ నాలుగు అంశాలు ఉండాలి: మొదలు, మలుపు, ఎదుగుదల, ఈ కొలువుకు రావడానికి కారణం. అన్నీ కలిసి రెండు నిమిషాలు మించకూడదు.

సిద్ధాంతం కంటే దృష్టాంతం మేలు. కొన్నేళ్ళ క్రితం మా పూర్వ విద్యార్థిని ఒకరు మ్యూచువల్ ఫండ్ సంస్థలో కంపెనీలను పరిశోధించే ఉద్యోగానికి సిద్ధమవుతూ నా వద్దకు వచ్చింది. మొదట చెప్పిన కథలో సంవత్సరాలు, మార్కులు తప్ప మరేమీ లేవు. ఈ పాఠశాల పేరు లేదు. తండ్రిగారి అంగడి ఊసు లేదు. ఎందుకమ్మా అని అడిగితే, “తెలుగు మీడియం అంటే చులకన చేస్తారేమోనండీ మేడం, అంగడి సంగతి వాళ్ళకెందుకు” అన్నది. ఆ రెండూ లేకపోతే కామర్స్ ఎందుకు తీసుకొన్నావో చెప్పగలవా అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. వారం తర్వాత వచ్చి ఇలా చెప్పింది:

“మా నాన్నగారికి యశ్వంతపురంలో చిన్న అంగడి ఉంది. ఏడవ తరగతి నుంచి సాయంత్రాలు అప్పు పద్దులు నేనే వ్రాసేదాన్ని. ఎవరు నెలాఖరుకు తీరుస్తారో, ఎవరు తీర్చరో ఆ పద్దుల్లోనే తెలిసిపోయేది. ఆ ఆసక్తితోనే కామర్స్ తీసుకొన్నాను. పదవ తరగతి వరకు తెలుగులో చదివినందువల్ల, పి.యు.సి.లో అకౌంటెన్సీ పాఠాలను తెలుగులో మళ్ళీ వ్రాసుకొని అర్థం చేసుకొనేదాన్ని. అర్థం కానిదాన్ని దాటిపోకూడదన్న అలవాటు అప్పుడే అయింది. బి.కాం. తర్వాత ఒక ఆడిటరు కార్యాలయంలో మూడేళ్ళు పనిచేశాను. అక్కడ ఒక దుస్తుల కర్మాగారం లెక్కల్లో ఏటేటా లాభం పెరుగుతున్నా, బ్యాంకులో నగదు తగ్గుతూ వచ్చింది. వెదికితే, అమ్మిన సరుకుకు డబ్బు వసూలు కావడం లేదని తేలింది. మా అంగడిలో చూసిందే అక్కడ పెద్ద అంకెల్లో కనిపించింది. జరిగిన లెక్కను తనిఖీ చేయడం కంటే, రాబోయే దానిని అంచనా వేయడం నాకు ఎక్కువ ఇష్టమని ఆ పనిలో తెలిసింది. అందుకే ఈ ఉద్యోగానికి వచ్చాను.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, అతిశయోక్తి లేదు. ప్రతి మలుపుకూ ఒక కారణం మాత్రం ఉంది. తాను దాచదలచిన రెండు సంగతులే ఆ కథకు మూలస్తంభాలైనాయి. మొదటి సంస్థలో ఆమెకు ఉద్యోగం రాలేదు. మూడవ ఇంటర్వ్యూలో వచ్చింది. అక్కడ అడిగిన ప్రశ్నల్లో సగం అంగడి గురించేనట.

మరొక సందేహం చాలామందికి ఉంటుంది. “నేను చదివింది ఒకటి, చేస్తున్నది మరొకటి. ఈ దారి మార్పును ఎలా సమర్థించుకోవాలి?” మన తెలుగువారైన శ్రీ దువ్వూరి సుబ్బారావుగారి జీవితాన్ని చూడండి. ఏలూరులో జన్మించి, కోరుకొండ సైనిక్ పాఠశాలలో చదివి, ఖరగ్‌పూర్, కాన్పూర్ ఐ.ఐ.టి.లలో భౌతికశాస్త్రం అభ్యసించారు. 1972లో ఐ.ఎ.ఎస్.లో ప్రథమ స్థానం పొందారు. తర్వాత ఆర్థికశాస్త్రం చదివారు. రాష్ట్రంలోను, కేంద్రంలోను ఆర్థిక శాఖలో కార్యదర్శిగా పనిచేశారు. 2008 సెప్టెంబరు 5న రిజర్వు బ్యాంకు గవర్నరు అయ్యారు. పది రోజులకు, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసి ప్రపంచమంతటా ఆర్థిక సంక్షోభం చెలరేగింది. భౌతికశాస్త్ర పట్టభద్రుడు అప్పుడు మన దేశ ద్రవ్యవ్యవస్థకు కాపలాదారు. దారి మారడం లోపం కాదని ఇటువంటి జీవితాలు చాటుతున్నాయి. ఒక మెట్టు మీద నేర్చినది తర్వాతి మెట్టుకు ఎలా ఉపకరించిందో చెప్పగలిగితే చాలు.

ఇక లోపాల సంగతి. ప్రజలకు వాటాలు అమ్మే ప్రతి కంపెనీ తన పత్రంలో నష్టభయాలను తానే ప్రకటించాలని మన దేశంలో సెబీ నిబంధన ఉంది. కంపెనీలకే తప్పనిది మనకు మాత్రం ఎందుకు? ఒక సబ్జెక్టు తప్పి ఉండవచ్చు. తల్లి అనారోగ్యం వల్ల ఒక ఏడు ఇంటిపట్టున ఉండవచ్చు. చేరిన ఉద్యోగం ఆరు నెలలకే పోయి ఉండవచ్చు. అడిగినప్పుడు ఒక్క వాక్యంలో ఉన్నది చెప్పి, ఆ తర్వాత ఏమి చేశారో మరొక వాక్యంలో చెప్పండి. సంజాయిషీలు వద్దు, కన్నీళ్ళు వద్దు, మాజీ యజమానిపై నిందలు అసలే వద్దు. తేదీలను సర్దడం, లేని హోదాను తగిలించుకోవడం మరింత ప్రమాదం. ఈ సంస్థలు ఉద్యోగంలో చేర్చుకొనే ముందు మీ పాత చదువును, ఉద్యోగాలను విచారిస్తాయి. పరుల ధనాన్ని కాపాడే వృత్తిలో మొదటి అర్హత నమ్మకం. అలాగే, మీరు ఇంతకుముందు పనిచేసిన చోట తెలుసుకొన్న ఖాతాదారుల పేర్లు, అంకెలు బయటపెట్టకండి. పైన చెప్పిన అమ్మాయి “ఒక దుస్తుల కర్మాగారం” అన్నదే తప్ప పేరు చెప్పలేదు. ఆ సంయమనాన్ని కూడా వారు గమనిస్తారు.

“మా సంస్థకే ఎందుకు వచ్చారు?” అన్న ప్రశ్నకు “మీది పేరున్న సంస్థ” అన్న సమాధానం ఎవరైనా చెప్పగలరు. మ్యూచువల్ ఫండ్ సంస్థలు తమ పథకాల డబ్బును ఏయే కంపెనీల్లో పెట్టాయో నెలనెలా ప్రకటిస్తాయి. ఆ పత్రం ముందుగా చదివి, అందులో ఒక కంపెనీని ఎన్నుకొని, దాని వార్షిక నివేదిక చూసుకొని వెళ్ళండి. అప్పుడు మీ కథ చివరి వాక్యం ఆ సంస్థ గుమ్మం వద్దకు సహజంగా చేరుతుంది. చెప్పిన ప్రతి వాక్యానికీ వెనుక ప్రశ్న వస్తుందని మరువకండి. నగదు తగ్గిందని అంటే, ఎందుకు, ఎన్నాళ్ళు, మీరేమి చేశారు అని అడుగుతారు. జవాబు లేని వాక్యాన్ని ముందే తీసివేయండి.

భాష గురించి ఒక మాట. ఇంటర్వ్యూ ఆంగ్లంలో జరుగుతుంది. ఆంగ్లంలో కథను కంఠస్థం చేసినవారు మధ్యలో ఒక ప్రశ్న పడగానే దారి తప్పుతారు. ముందు తెలుగులో ఇంట్లో అమ్మకో అక్కకో చెప్పి చూడండి. వారికి అర్థమైతే కథ కుదిరినట్లే. ఆ తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఆంగ్లంలో చెప్పండి. మాటకు మాట అనువదించవద్దు, విషయాన్ని చెప్పండి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కళాశాలలో ఆంగ్లం నేర్చిన మీరు ఒక విషయాన్ని మూడు విధాల విడమరచి చెప్పగలరు. అది తక్కువ సంపద కాదు.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. మీరు చేసే వృత్తిని పిల్లల ముందు చిన్నబుచ్చుకోకండి. అంగడి, కుట్టుమిషను, ఆటో, మేస్త్రీ పని, ఏదైనా సరే. అందులోని లెక్కను వారికి చూపించండి. సహోపాధ్యాయులకు ఒక సూచన. శనివారం చివరి పీరియడులో తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఒక్కొక్కరు రెండు నిమిషాలు తమ గురించి చెప్పే ఏర్పాటు ఈ ఏడే మొదలుపెడదాం. పూర్వ విద్యార్థులకు ఒక అభ్యర్థన. ఉద్యోగాల్లో స్థిరపడిన మీరు ఏడాదికి రెండు పూటలు వచ్చి, మీ తమ్ముళ్ళను, చెల్లెళ్ళను ప్రశ్నలడిగి తీర్చిదిద్దండి. విరాళం ఎంత విలువైనదో ఈ సమయదానం కూడా అంతే విలువైనది.

తెలుగు మాధ్యమంలో పిల్లలను చేర్చేవారు ఏటేటా తగ్గుతున్నారన్న సంగతి మీ అందరికీ తెలిసిందే. ఇక్కడ చదివినవారే ఈ పేరును బయోడేటాలో దాచుకొంటే, కొత్త తల్లిదండ్రులు మమ్మల్ని ఎందుకు నమ్ముతారు? మీ ప్రస్థానంలో మొదటి వాక్యంగా ఈ బడి పేరు తలెత్తి చెప్పండి. అది మాకు మీరిచ్చే గురుదక్షిణ.