టెలివిజను తెర నల్లబడినచో ఏమి చేయవలెను?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వరకు మన దేశమున ఉపగ్రహము ద్వారా గ్రామములకు టెలివిజను కార్యక్రమములను అందించిన ప్రయోగ మొకటి జరిగినది. ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఊరుమ్మడి సెట్లు లభించినవి. నాడు ఊరంతయు ఒక్క పెట్టె ముందు కూర్చుండెడిది. నేడు పెక్కు ఇండ్లలో టెలివిజను కలదు. అది పెట్టె రూపము విడిచి పలకవలె గోడకు వ్రేలాడుచున్నది. అయినను పంచాయతీ కార్యాలయమునందును, పాఠశాలయందును ఉన్న సెట్టు నేటికిని ఊరి ఉమ్మడి సొత్తే. దాని తెర నల్లబడిన నాడు వెంటనే క్రొత్తది కొనవలెనా, లేక ముందు పరిశీలింపవలెనా అనునది మీరు నిర్ణయింపవలసిన విషయము.

ఇటీవల మేమొక గ్రామమునకు వెళ్ళియుంటిమి. అచ్చటి పఠన మందిరములోని టెలివిజను తెర నల్లబడినది. క్రొత్తది కొనుటకు తీర్మానము కూడ సిద్ధమైనది. అప్పుడు సభ్యురా లొకరు లేచి, "మాట వినపడుతూనే ఉంది కదండీ! ప్రాణం పోయినదానికి మాటెట్లా వస్తుంది?" అని అడిగిరి. అందరును నవ్విరి. కాని ఆ ప్రశ్నయే పంచాయతీ సొమ్మును కాపాడినది. తలుపులు మూయించి, టార్చిలైటును తెరకు దగ్గరగా ఏటవాలుగ పట్టి చూచితిమి. వార్తలు చదువుచున్న మనిషి రూపము మసకమసకగా కనబడినది! బొమ్మ యున్నది, వెలుగు మాత్రమే లేదు. మరునాడు పట్టణమునుండి వచ్చిన మెకానిక్కు లోపలి దీపముల పట్టీలను మార్చెను. తీర్మానము అవసరము లేకపోయినది.

దీని కారణము తోలుబొమ్మలాట చూచినవారికి సులభముగా బోధపడును. తెర వెనుక దీపము లారిపోయినచో బొమ్మ లాడుచునే యుండును గాని చూచువారికి కనబడవు. ఎల్.సి.డి. తెరయు నట్టిదే. దానికి స్వయముగా వెలుగు లేదు. వెనుకనున్న చిన్న ఎల్.ఇ.డి. దీపములే దానికి వెలుగు నిచ్చును. ఈ దీపములను సాధారణముగా వరుసగా ఒకే తీగపై కలిపెదరు. కనుక ఒక్కటి తెగినను ఆ వరుస యంతయు ఆరిపోవచ్చును. ఓలెడ్ అను తెరలు మాత్రము తమంతట తామే వెలుగునవి. వానికి టార్చిలైటు పరీక్ష చెల్లదు.

ఇక పరిశీలనా క్రమమును వివరింతుము. 

మొదట కరెంటును చూడవలెను. సెట్టు క్రింది చిన్న ఎఱ్ఱదీపము వెలుగనిచో, ఆ సాకెట్టులోనే సెల్‌ఫోను చార్జరునో, మరియొక పరికరమునో పెట్టి పరీక్షింపుడు. పలుమార్లు దోషము సాకెట్టులోనో, ఎక్స్‌టెన్షను బోర్డులోనో, స్టెబిలైజరులోనో యుండును. రిమోటుపై అనుమానమున్నచో దానిని సెల్‌ఫోను ముందు కెమెరాకు చూపి మీట నొక్కుడు. పెక్కు ఫోనులలో దాని కొననుండి మినుకుమను వెలుగు కనబడును. కనబడనిచో బ్యాటరీలు మార్చి చూడుడు.

రెండవది, ప్లగ్గును గోడనుండి తీసి, రిమోటు మీటను గాక సెట్టుకే యున్న మీటను అర నిమిషము నొక్కి పట్టుడు. అయిదు నిమిషము లాగి మరల ప్లగ్గు పెట్టుడు. నేటి టెలివిజను లోపల చిన్న కంప్యూటరు వంటిది. కరెంటు హెచ్చుతగ్గులకు అది స్తంభించినచో ఇట్లు తేరుకొనవచ్చును.

మూడవది, రిమోటుపై మెనూ మీటను నొక్కుడు. తెరపై మెనూ కనబడినచో తెరకు దోషము లేదు. సెట్ టాప్ బాక్సునో, దాని హెచ్.డి.ఎం.ఐ. తీగెనో చూడవలెను. తీగెను తీసి గట్టిగా పెట్టుడు. వేరొక రంధ్రమున పెట్టి, ఇన్‌పుట్ మీటతో దానినే ఎన్నుకొనుడు. కొన్ని సెట్లలో మాట మాత్రము వినిపించి బొమ్మను ఆపివేయు ఏర్పాటు కలదు. పిల్లలు పొరబాటున దానిని నొక్కి యుండవచ్చును.

నాలుగవది, మాట వచ్చుచు బొమ్మ రానిచో టార్చిలైటు పరీక్ష చేయుడు. ఎఱ్ఱదీపము ఆగి ఆగి మినుకుమనుచున్నచో ఎన్ని మారులు మినుకుమన్నదో లెక్కించి వ్రాసి యుంచుడు. పెక్కు సెట్లలో ఆ లెక్కయే మెకానిక్కునకు దోషమును తెలుపు గుర్తు.

మన పని ఇంతటితో సరి. వెనుక మూతను మాత్రము తెరవరాదు. ఇంటికి వచ్చు కరెంటు 230 వోల్టులు. సెట్టులోని పవర్ బోర్డుపై గల పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు మించి యుండును. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ అది కొంతకాలము నిలిచి యుండవచ్చును. స్విచ్చి ఆపితిమి గదా యని చేయి పెట్టినవారికి ప్రాణాపాయము. దీపములు మార్చుటకు పలుచని గాజు పలకను పైకెత్తవలెను. అలవాటు లేని చేతిలో అది పగులును. పలక పగిలినచో దాని ఖరీదు ఇంచుమించు క్రొత్త సెట్టు ఖరీదే. గ్యారంటీ గడువులో నున్న సెట్టును బయటివారిచే విప్పించుటయు తగదు. బిల్లును పంచాయతీ దస్త్రములో భద్రపరచుడు. గ్యారంటీ విషయమున అన్యాయము జరిగినచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును.

మరమ్మతుకంటె ముందుజాగ్రత్త మేలు. ఉరుములు మెరుపులు ఆరంభము కాకముందే ప్లగ్గును, డిష్ తీగెను కూడ తీసివేయుడు. గాలి ఆడు రంధ్రములను గుడ్డతో కప్పకుడు. తెరపై నీళ్ళు చల్లక, పొడి మెత్తని గుడ్డతో తుడువుడు. లోపలి దీపముల వెలుగును మెనూలో కొంత తగ్గించినచో అవి హెచ్చుకాలము మన్నును.

ఇక బాగుపడదని తేలిన సెట్టును చెరువుగట్టున పారవేయకుడు, కాల్చకుడు. పాత ఎల్.సి.డి. సెట్లలో పెక్కింటి దీపపు గొట్టములందు పాదరసము కలదు. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము ఎలక్ట్రానిక్ వ్యర్థములను రిజిస్టరైన సంస్థల ద్వారానే శుద్ధి చేయింపవలెను. అట్టి సెట్లను ఒకచోట చేర్చి ఆ సంస్థలకు పంపు పనిని పంచాయతీలు చేపట్టుట ఎంతయు అవసరము.

సభ్యులారా! ఊరి సొమ్ము ప్రతి రూపాయియు ఎవరో ఒకరు చెల్లించిన పన్నే. నల్లబడిన తెరను చూచి తీర్మానము వ్రాయుటకు ముందు, ఒకమారు టార్చిలైటు వేసి చూడవలసినదిగా మిమ్ములను కోరుచున్నాము.